గడప దాటి తెచ్చుకున్న అమ్మవారు

ఒళ్ళంతా లోషన్ పూసుకుని ముందుగదిలో ఒంటరిగా పడున్నాను. నవ్వాలనుకునేవాళ్ళు కిటికీ బయట నుంచే నవ్వండి, దగ్గరికి మాత్రం రావద్దు. ఇదంతా నా కోపం తెచ్చిపెట్టిందే. ఆ కోపం ఇంకా తగ్గలేదు కూడా.

మాది ధవళేశ్వరంలో రెండు పోర్షన్ల ఇల్లు. అవతలి పోర్షన్‌లో సత్యవతి గారూ, వాళ్ళ పాపా ఉంటారు. మా ఆవిడ సుజాతకి ఐదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి అమ్మవారు పోస్తే బిడ్డకి ప్రమాదమని మా ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టు గారు చెప్పిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మొదటి కాన్పు కదండీ మరి! వీధిలో ఏ పిల్లాడు ఒళ్ళు గోక్కున్నా నాకు అనుమానమే.

అలాంటిది, ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి సత్యవతి గారి గుమ్మానికి వేపమండలు! నాకు ఒళ్ళు మండిపోయింది. గోడకవతల కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఒక్క మాట చెప్పరా? స్కూటర్ దిగి తిన్నగా అటే వెళ్ళాను.

“లోపలికి రాకండి బాబూ, గడప దగ్గరే ఆగండి,” అందావిడ.

చూశారా! తప్పు వాళ్ళదీ, ఆగాల్సింది నేనూనా? నన్ను గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారా అని ఇంకా మండి, గడప దాటి నట్టింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎందుకు చెప్పలేదని నిలదీశాను. అమ్మవారి సంగతి వీధిలో చాటకూడదు కదండీ, మండలు చూసినవాళ్ళు ఆగుతారని కట్టాం అందావిడ. మండలు చూసి ఎవరాగుతారండీ అని అరిచాను. ఎవరూ ఆగరనడానికి సాక్ష్యం నేనే అక్కడ కూర్చుని ఉన్నాను. పక్కనే చాప మీద పాప పడుకుని నన్నే చూస్తోంది. గొంతెండిపోతే ఆవిడే మంచినీళ్ళిచ్చింది. తాగి, మళ్ళీ కాసేపు అరిచి వచ్చాను.

ఇక మా ఇంట్లో కర్ఫ్యూ. సుజాత కుళాయి దగ్గరికి వెళ్ళకూడదు, డాబా ఎక్కకూడదు. పేరంటానికి పిలవడానికొచ్చిన వాళ్ళని అరుగు మీద నుంచే పంపించేశాను. సుజాత ఏదో చెప్పబోతే “నువ్వు మాట్లాడకు” అన్నాను.

రెండు వారాలు గడిచాయి. ఓ పొద్దున్న ఒళ్ళు కాలిపోతుంటే లేచి అద్దంలో చూసుకున్నాను. మొహం నిండా నీటిపొక్కులు. రాత్రంతా సుజాత పక్కనే పడుకున్నాను కదా, బిడ్డకేమైనా అయితే? ఆమెని లేపకుండా స్కూటరెక్కి రాజమండ్రిలో మేం చూపించుకునే లేడీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను.

అదేమో కాన్పుల ఆస్పత్రి. హాలు నిండా కడుపుతో ఉన్నవాళ్ళే. గేటు దగ్గరే ఆయా నా మొహం చూసి చీపురు అడ్డం పెట్టింది. నన్నే ఆపుతావా అని మళ్ళీ అరిచాను. ఆ అరుపులకి డాక్టర్ గారు మేడ మీద కిటికీ తెరిచారు.

“బుద్ధుందా మీకు? ఇంతమంది గర్భిణుల మధ్యకి ఈ మొహంతో వస్తారా?”

వీధి మొత్తానికి నేను చెప్పిన పాఠం నాకే చెబుతున్నారావిడ. సిగ్గుతో గేటు బయటే నిలబడి, మా ఆవిడ సంగతేంటండీ అని ఏడుపు గొంతుతో అడిగాను.

“మీ ఆవిడకి చిన్నప్పుడే పోసింది. మొదటిసారి చూపించుకున్నప్పుడే చెప్పింది. ఒకసారి పోసినవాళ్ళకి మళ్ళీ రావడం చాలా అరుదు. ఆవిడని నేను చూసుకుంటాను. మీ వీధిలో ఇప్పుడు ప్రమాదం మీరే. వెళ్ళి విడిగా పడుకోండి.”

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఇంటికొచ్చి, ఇంత ముఖ్యమైన సంగతి నాకెందుకు చెప్పలేదని తలుపవతల ఉన్న సుజాతని నిలదీశాను.

“మాట్లాడకు అన్నారుగా,” అంది. “అయినా పెళ్ళిచూపుల్లో మీరడిగిన ప్రశ్న ఒక్కటే కదండీ, నుదుటి మీద ఆ మచ్చేంటని. చిన్నప్పుడు అమ్మవారు పోసిందని అప్పుడే చెప్పాను.”

నిజమే. పెళ్ళైన కొత్తలో ఆ మచ్చ పోవాలని ఏదో క్రీము కొనుక్కొచ్చి, రోజూ రాసుకోమని ఆవిడ ప్రాణం తీసింది కూడా నేనే. ఆ ట్యూబు సగానికి పైగా మిగిలే ఉందట. నిన్న అన్నం పళ్ళెంతో పాటు దాన్ని కూడా గుమ్మంలో పెట్టి వెళ్ళింది.