సూదులు నావి, రిపోర్ట్ అతనిది

ఆఫీసులో లేడీస్ వాష్‌రూమ్ తలుపును కాలితో తన్నిన రోజునే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది, నాలో ఏదో తేడా చేసిందని. ఆ నెల పీరియడ్ ఆలస్యమైంది. అప్పటికి కొన్నాళ్లుగా నేను మెట్లెక్కడం మానేశాను, బొప్పాయి ముట్టలేదు, స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే చాలు క్యాబ్ డ్రైవర్ ప్రాణం తీసేదాన్ని. ఆ మధ్యాహ్నం కాల్ మధ్యలో లేచి వెళ్లి చూసుకుంటే రక్తం. అంతే, ఒళ్లు తెలియలేదు. నేను తన్నిన తన్నుకి తలుపు కింది బందు ఊడింది, నా బొటనవేలి గోరు లేచిపోయింది.

హౌస్‌కీపింగ్ చేసే లక్ష్మి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది మేడం? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వలేం అనలే."

"మరి తలుపేం జేసింది?" అంది.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

నా పేరు రజిత. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా ఆయన కిరణ్‌ది తణుకు. ఇద్దరం హైటెక్ సిటీలో వేరే వేరే కంపెనీల్లో పనిచేస్తాం. ప్రేమించి పెళ్లి చేసుకుని గోపన్‌పల్లిలో ఫ్లాట్ తీసుకున్నాం. ఇది చదివే మీలో చాలామంది నాలాగే ఫైలు ఒళ్లో పెట్టుకుని వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్లే అయ్యుంటారు, కాబట్టి తియ్యటి మాటలు చెప్పను. పిల్లలు పుట్టకపోతే దిగులు వస్తుందంటారు. నాకు దిగులు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరో ఒకరిని చితక్కొట్టాలన్నంత కోపం.

కొండాపూర్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్లాం. నాకు అన్ని టెస్టులూ చేశారు. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడటానికి హెచ్.ఎస్.జి. అని ఒకటి చేశారు, లోపలికి డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. "కొంచెం డిస్‌కంఫర్ట్ ఉంటుందమ్మా" అంది డాక్టరమ్మ. కొంచెమట! నేను టేబుల్ అంచు పట్టుకుని పళ్లు కొరికాను. రిపోర్టులన్నీ నార్మల్. "హజ్బెండ్ సీమెన్ ఎనాలిసిస్ ఏదమ్మా? మొదటి విజిట్‌లోనే రాశాను కదా" అని అడిగింది. కిరణ్‌కి ప్రతి వారం ఆఫీసులో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండేది. ఎనాలిసిస్ మాట ఎత్తితే చాలు, ల్యాప్‌టాప్ తెరిచేవాడు.

పొత్తికడుపు పట్టుకుని పార్కింగ్‌లోకి వచ్చాక అతనితో ఒకటే మాట అన్నాను. "నువ్వు రేపు శాంపిల్ ఇయ్యకపోతే నేను ఎల్లుండి జగిత్యాల పోతా. మళ్ల రాను." మర్నాడు ఇచ్చాడు.

రిపోర్ట్ రోజున డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "సివియర్ ఒలిగో. వీర్యకణాల కౌంట్ చాలా తక్కువుంది, మొటిలిటీ, అంటే వాటి కదలిక కూడా బాలేదు. ఇది మేల్ ఫ్యాక్టర్. ఐవీఎఫ్ విత్ ఇక్సీకి వెళ్దాం, ల్యాబ్‌లో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కిస్తాం." తర్వాత కిరణ్ వైపు తిరిగి, "ఇందులో ఎవరి తప్పూ లేదు. కాకపోతే ట్రీట్‌మెంటంతా ఆవిడ బాడీకే, అది గుర్తుంచుకోండి" అంది.

కారులో కూర్చున్నాం. కిరణ్ తాళం తిప్పలేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "రజితా, ఇంట్లో చెప్పొద్దు. ముఖ్యంగా అమ్మకి. ఇద్దరికీ ఏదో చిన్న ప్రాబ్లం ఉందందాం, సరేనా?" అన్నాడు. పాపం అనిపించింది. సరే అన్నాను. ఆ పాపం అనుకోవడమే నా కొంప ముంచింది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పాలిచ్చే తల్లుల కోసం మా ఆఫీసులో ఒక గది ఉంది. ఫ్రిజ్, సోఫా, గోడ మీద నవ్వే పసిపాప బొమ్మ. ఆ బొమ్మ ఎదురుగా కూర్చుని టాప్ పైకి ఎత్తి, పొట్ట మడతపెట్టి పొడుచుకునేదాన్ని. పొట్టంతా కమిలి నల్లబడింది. లోపం ఎక్కడో, సూదులు ఎక్కడో! ఒకరోజు ఆ బొమ్మను పీకి చింపి డస్ట్‌బిన్‌లో పడేశాను. ఎవరు చింపారో ఇప్పటికీ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుస్తుందేమో, తెలియనీ.

అండాలు బయటికి తీసే ఎగ్ పికప్ అయింది, పిండాన్ని లోపల పెట్టే ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ అయింది. గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష, బీటా హెచ్.సి.జి., నెగెటివ్. రెండోసారి పాజిటివ్ వచ్చింది. మేమిద్దరం ఆ సెంటర్ మెట్ల మీదే పట్టుకుని ఏడ్చాం. తర్వాత స్కాన్‌లో డాక్టరమ్మ స్క్రీన్ తన వైపు తిప్పుకుంది. "హార్ట్‌బీట్ కనిపించట్లేదమ్మా. వారం ఆగి మళ్లీ చూద్దాం." వారం తర్వాత కూడా లేదు. మిస్డ్ అబార్షన్ అన్నారు, డి అండ్ సి చేసి గర్భసంచి శుభ్రం చేశారు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది యుద్ధమే. అత్తయ్య తణుకు నుంచి రోజూ ఫోన్ చేసేవారు. "పిల్ల ఒంట్లో వేడి ఎక్కువైనట్టుందిరా, గర్భసంచి నిలుపుకోలేకపోతోంది. మెంతులు నానబెట్టి తాగమను" అనేవారు. స్పీకర్‌లో నాకు వినిపిస్తూనే ఉండేది. కిరణ్ "ఊఁ... సరేనమ్మా... ఊఁ" అనేవాడు.

"నీ నోట్లకెల్లి ఒక్క ముక్క రాదేంది?" అని అరిచేదాన్ని.

"ఇప్పుడు చెప్తే అమ్మ తట్టుకోలేదు రజితా."

"మరి నేనేంది, రాయినా? నేను తట్టుకుంటలేనా?"

కుక్కర్ మూత గోడకేసి కొట్టాను, గోడ పెచ్చు ఊడింది. అతను హెడ్‌సెట్‌ను రెండు ముక్కలుగా విరిచాడు. వార్డ్‌రోబ్ తలుపును గుద్ది గుద్ది చిల్లు చేశాడు. ఒకరోజు నేను అతని కాలర్ పట్టుకుని ఊపాను. అతను నన్ను తోశాడు, వెళ్లి మంచానికి కొట్టుకున్నాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని బిత్తరపోయాం. నాకు నిజంగా భయం వేసింది, బిడ్డ సంగతి దేవుడెరుగు, మాలో ఒకరు రెండోవాళ్లని చంపేస్తామేమోనని. అప్పుడే కింద నుంచి వాచ్‌మన్ ఇంటర్‌కమ్ చేశాడు. "మేడం, కింది ఫ్లాట్ల సారు ఫోన్ జేసిండు. సప్పుడు జర తక్కువ జేయుమంటున్నడు."

"ఫికర్ జెయ్యొద్దని చెప్పు. ఇగ పగలగొట్టేటందుకు సామానే లేదు" అన్నాను.

మా ఆడపడుచు దీప్తిది తెల్లాపూర్. వాళ్ల గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఆమెకు సీమంతం చేశారు. నేను రానన్నాను. కిరణ్ బతిమాలాడు. దీప్తి కూడా స్వయంగా ఫోన్ చేసి "వదినా, నువ్వు రాకపోతే నేను కుర్చీలో కూర్చోను" అంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. వెళ్లాను.

ముత్తయిదువులు వరసగా వెళ్లి దీప్తి చేతులకు గాజులు తొడుగుతున్నారు. నా వంతు వచ్చింది. రెండు ఆకుపచ్చ గాజులు తీసుకున్నాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు. నవ్వు మొహంతోనే, "నువ్వు కూర్చో అమ్మా, నీ బదులు మీ పిన్నత్తగారు తొడుగుతారులే" అన్నారు. నా వేళ్ల మధ్య నుంచి గాజులు తీసేసుకున్నారు. పక్కన ఎవరో పెద్దావిడ "ఏమైంది?" అన్నట్టు చూస్తే, "మావాడికేం లోపం లేదండీ. ఈ అమ్మాయికే గర్భం నిలవడం లేదు. ఎన్ని హాస్పిటళ్లు తిప్పుతున్నాడో పాపం" అన్నారు.

కిరణ్ అక్కడే ఉన్నాడు. అన్నీ విన్నాడు. నేను అతని కళ్లలోకి చూశాను. ఇప్పుడన్నా చెప్పు, ఇప్పుడన్నా. అతను ఫోన్ తీసి చూసుకున్నాడు.

గాజుల పళ్లెం పెద్ద ఇత్తడిది, నిండుగా ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి నేలకేసి కొట్టాను.

ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. సీమంతంలో గాజులు పగలడం! ఆడవాళ్లంతా కెవ్వుమన్నారు. ఎవరో "శివశివా" అన్నారు. అత్తయ్య "రాక్షసీ! నా కూతురి కడుపు మీద కొట్టావే!" అని అరిచారు. "అవునండీ, రాక్షసినే! అడగండి మీ కొడుకుని, ఎవరు చేశారో నన్ను రాక్షసిని!" అని నేనూ అరిచాను. చూస్తే దీప్తి పాదాలకు పారాణి, చుట్టూ గాజు పెంకులు. అది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కిరణ్ ఫోన్ పక్కన పడేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. దీప్తి కాళ్ల దగ్గరి పెంకులు ఉత్త చేతులతో గబగబా ఏరుతున్నాడు. అత్తయ్య ఆపలేదు. "గొడ్రాలు అడుగుపెడితే ఇలాగే ఉంటుంది" అన్నారు. అతని చెయ్యి ఆగింది. పెంకుల మీదే పిడికిలి బిగించాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారి తెల్ల కార్పెట్ మీద పడింది.

"అమ్మా, లోపం నాది" అన్నాడు.

"ఏంట్రా ఆ మాటలు, ముందు ఆ చెయ్యి..."

"లోపం నాదమ్మా! ఆవిడకేం లేదు. నాకు కౌంట్ లేదు. నాకు పిల్లలు పుట్టరు. వినిపించిందా? నాకు!" గొంతు చించుకుని అరిచాడు. అంత గొంతు ఉందని నాకు తెలియదు.

దీప్తి ఏడుస్తూ రెండు చేతులూ నా వైపు చాచింది. "వదినా, పగలనివి ఉంటే తొడుగు" అంది. పళ్లెం అంచున చిక్కుకుని రెండు మిగిలాయి. తొడిగాను. తర్వాత కిరణ్ చేతికి నా చున్నీ చుట్టి కారెక్కించాను.

క్యాజువాలిటీలో కుర్ర డాక్టర్ ఒక్కో పెంకూ తీస్తూ, "గాజులా? ఎలా గుచ్చుకున్నాయి?" అన్నాడు. కుట్లు వేశాక నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, ఇంట్లో వయొలెన్స్ ఏమన్నా ఉందా? చెప్పొచ్చు."

"ఉంది. ఇద్దరం చేసుకుంటున్నాం" అన్నాను. కౌన్సెలర్ పేరు రాసిచ్చాడు.

అత్తయ్య సాయంత్రం మా ఫ్లాట్‌కి వచ్చారు. కొడుకు చేతి కట్టు చూసి, "ముందే చెప్పుంటే నా నోరు నేను మూసుకునేదాన్ని కదమ్మా" అన్నారు.

"ఎందుకు మూసుకుంటారండీ? ఆ మెంతులేవో మీ అబ్బాయికి నానబెట్టమనేవారు" అన్నాను. ఆవిడ ఏడ్చారు. నేను ఓదార్చలేదు. అంత మంచితనం అప్పుడు నా దగ్గర లేదు.

కౌన్సెలింగ్ చాలాకాలం నడిచింది. మధ్యలో నేను ఒకసారి సగంలో లేచి వచ్చేశాను, అతను ఒక నెల రానేలేదు. "మీ గొడవల్లో పిల్లల మాట ఎక్కడా లేదు, గమనించారా? అంతా ఎవరు ఎవరికి చెప్పాలన్న దాని మీదే" అంది ఆ కౌన్సెలర్. ట్రీట్‌మెంట్ ఆపేశాం. నా పొట్ట మీద మచ్చలు పోయాయి. దీప్తికి ఆడపిల్ల. నా ఒళ్లోనే ఎక్కువగా నిద్రపోతుంది.

మాకు ఇంకా పిల్లలు లేరు. మా ఎంబ్రియోలు కొన్ని ఫ్రీజింగ్‌లో ఉన్నాయి, ఏం చేయాలో తేల్చుకోలేదు. ఇప్పుడూ పోట్లాడుకుంటాం, కానీ సామాను పగలడం లేదు. కిరణ్ చిటికెన వేలు పూర్తిగా ముడుచుకోదు.

ఈమధ్య అతనే మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఒక ఆండ్రాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. ఇన్నేళ్లలో అతన్ని చూడాల్సిన డాక్టర్ దగ్గరికి అతను వెళ్లనేలేదు మరి. నేను తోడు వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి కీబోర్డ్ మీద చేతులు పెట్టి, అలవాటుగా నా వైపు చూసి "మేడం, పేరు చెప్పండి" అంది. నేను నోరు తెరిచాను. ఎన్ని ఫైళ్లకు నా పేరు చెప్పానో, నాకూ అలవాటే. కిరణ్ ఆ వంకర వేలి చెయ్యి కౌంటర్ మీద పెట్టాడు.

"పేషెంట్ నేనండీ. ఆవిడ నాకు తోడొచ్చారు" అన్నాడు.

వెనక క్యూలో ఉన్న మగవాళ్లంతా తలెత్తి చూశారు. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను, ఒళ్లో ఏ ఫైలూ లేకుండా.

మీకు నేను చెప్పేది ఒక్కటే. రిపోర్ట్ ఎవరిదైతే వాళ్లే, వాళ్ల అమ్మకు వాళ్ల నోటితో చెప్పాలి. రిపోర్ట్ చేతికొచ్చిన రోజే, పార్కింగ్‌లో, కారు స్టార్ట్ చెయ్యకముందే ఫోన్ చేయించండి, మీరు వింటుండగా. తర్వాత చెప్తానంటే జాలిపడకండి. కారు దిగి ఆటో ఎక్కండి.