క్యాంషాఫ్ట్ గేరుకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు ఏన్కూరు దగ్గర అడవి అంచున మాకు రెండెకరాల మిరపతోట ఉండేది. వాగు నీళ్లు తోడే ఆయిలింజనే దానికి దిక్కు. తీరా తోట పూత మీదున్నప్పుడు అది మొరాయించింది. నాలుగు రోజులు నీళ్లు లేకపోతే పూతంతా రాలిపోతుందని మా నాయనకు అన్నం సయించలేదు.

పక్కింటి తాత బొగ్గుగనిలో ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. ఇంజను ఆయనే విప్పాడు. వాల్వులను వేళకు తెరిచి మూసేది క్యాంషాఫ్ట్. దాని గేరులో ఏ పన్ను కింది గేరులో ఏ పంటితో కలవాలో అలాగే కలవాలట. కంపెనీ గుర్తులు అరిగిపోయాయని ఆ రెండు పళ్ల మీద సున్నం చుక్కలు పెట్టాడు. ఇంతలో నేలకొండపల్లి నుంచి చావు కబురొస్తే వెళ్లిపోయాడు.

సామాన్లు కడిగే పని నాకొచ్చింది. నా అతి తెలివి ఏం చెప్పను! కిరసనాయిలు పోసి తళతళలాడేలా తోమాను. ఆ రోజు శుక్రవారం. మా ఇంట్లో నాగలి కర్రు కడిగినా బొట్టు పెట్టందే లోపల పెట్టరు. గేర్లకు కూడా చేతికందిన పంటి మీద తలా ఒక బొట్టు పెట్టాను.

తాత వచ్చేదాకా ఆగలేక మా నాయనే బిగించడానికి కూర్చున్నాడు. "సున్నం మీదనే బొట్టు పెట్టినవ్ గదా బిడ్డా?" అన్నాడు. నేను సున్నం చూసిందెక్కడ? నా తోముడుకు అది ఎప్పుడో కొట్టుకుపోయింది. ఆయన పీక్కుపోయిన మొహం చూసి అవ్ అని తలూపాను.

బొట్టుకు బొట్టు కలిపి బిగించి, హ్యాండిల్ పట్టి ఊపుగా తిప్పాడు. టక్కుమని బిగుసుకుపోయింది. పిస్టన్ తగిలి వాల్వు వంగింది. కొత్తది ఖమ్మం నుంచి రావడానికి ఐదు రోజులు పట్టింది. తెల్లారితే సాళ్ల నిండా తెల్లటి పూత రాలి ఉండేది. మా నాయన గట్టు మీద తల పట్టుకుని కూర్చునేవాడు. నేను బిందెతో వాగుకూ తోటకూ తిరిగాను. ఎన్ని మొక్కలకని పోస్తాను? ఏడుపొచ్చేది.

తాత తిరిగొచ్చాక పశువుల కొట్టం వెనక ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన కండువాతో నా ముక్కు తుడిచి, ఇంజను దగ్గరికి తీసుకెళ్లాడు. కొత్త వాల్వు వేసి, పిస్టన్‌ను పైకి తెచ్చి నా వేళ్లు రెండు వాల్వుల మీద పెట్టించాడు. "ఒకటి మూసుకుంటాంటే ఇంకోటి తెరుసుకుంటది. ఆ నడిమిట్ల ఆగాలె. జర చెప్పు బిడ్డా," అన్నాడు. నేను ఆగమన్న చోట పళ్లు కలిపాడు. ఇంజను ఆడింది. కానీ అప్పటికి సగానికి పైగా పూత నేలపాలైంది.

గుర్తు ఎట్ల తప్పిందని మా నాయన అడిగాడు. నేను నోరు తెరిచేలోగా తాత అన్నాడు, తనే తప్పు పంటికి పెట్టానని. మా నాయన కడుపుమంటతో ఉన్నాడు. "కండ్లు కనబడకపోతే ముట్టుకునుడెందుకు కాకా?" అనేశాడు.

"అవ్ బిడ్డా, మసకైనయ్," అని తాత ఇంటికి నడిచాడు. నేను ఆయన వీపు వంక చూస్తూ నిలబడ్డాను.

ఆ మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఇంజను బాగుచేయమని ఆయన్ని పిలవలేదు. ఖాళీ చేతులతో అరుగు మీద కూర్చునేవాడు. నిజం చెప్పడానికి నాకు ఏళ్లున్నాయి. చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు.

ఈ వయసులో ఇంట్లో గ్లాసు పగిలినా, ఎవరూ అడగకముందే నేనే పగలగొట్టానని అరిచి చెప్తాను. మనవరాళ్లు నవ్వుతారు. ఎవరైనా మంచివాళ్లు నాకంటే ముందు నోరు తెరుస్తారేమోనని నా భయం.