నాచారంలో చిరుజల్లు

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి, గడ్డం కింది నుంచి జేబుల్లోకి చేరిన ఏడాది వేసవిలో నన్ను మా పత్రిక ఉప్పల్ జోన్ డెస్క్ ఇన్‌ఛార్జిగా వేశారు. పదవీ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగు అది. వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ స్తంభాలు లేచాయి గానీ, వాటి మీదికి వంతెన ఎప్పుడొస్తుందని అడగడం జనం మానేసిన రోజులు. పదవి పేరు ఘనంగానే ఉండేది. నా కింద పనిచేసేవి మాత్రం ఒక సబ్ ఎడిటరు, రెండు కంప్యూటర్లు, చేత్తో తిప్పితే తప్ప కదలని ఒక ఫ్యాను.

జోన్ పేజీలంటే పెద్ద పత్రిక మధ్యలో పెట్టి ఇచ్చే చిన్న సైజు పేజీలు. మీ వీధిలో మోరీ పొంగినా, మీ గుళ్ళో కల్యాణం జరిగినా వచ్చేది వాటిలోనే. వాటికో చిక్కుంది. రాత్రి పెద్ద పత్రికకు మిషన్ ఖాళీగా ఉండాలి కాబట్టి వీటిని ముందే అచ్చు వేసేస్తారు. సాయంత్రం నాలుగింటికల్లా నేను పేజీ వదలాలి. వదలడమంటే, ఇక దిద్దుబాట్లు లేవని చెప్పి ప్లేట్లు చేసే విభాగానికి పంపేయడం. సభలేమో ఆరింటికి మొదలవుతాయి. ఆరింటి సభ వార్త మర్నాడు పొద్దున కనపడకపోతే నిర్వాహకులు ఇంటి మీదికొస్తారు. అందుకని మా వృత్తిలో ఒక ఆచారం స్థిరపడింది. ఆహ్వాన పత్రిక ముందు పెట్టుకొని, జరగబోయే సభను జరిగిపోయినట్టు రాసేయడం. దీపం వెలుగుతుంది, ముఖ్య అతిథి ఉద్బోధిస్తారు, కళాకారులు అలరిస్తారు, ప్రేక్షకులు మంత్రముగ్ధులవుతారు. మంత్రముగ్ధులు కాని ప్రేక్షకుల గురించి నా సర్వీసు మొత్తం మీద ఒక్క వార్తా నా బల్ల మీదికి రాలేదు.

ఈ విద్యలో ఆరితేరినవాడు మా నాచారం కంట్రిబ్యూటర్ నర్సింగ్. కంట్రిబ్యూటర్ అంటే జీతం లేని విలేకరి. అతనికి పత్రిక ఇచ్చే అసలు ఆస్తి మెడలో వేసుకునే కార్డు. నర్సింగ్‌కు జిరాక్స్ షాపు ఉండేది. శని, ఆదివారాల్లో 'సాయంత్రం ఎటు పోదాం' అనే శీర్షిక అతనే చూసేవాడు. హబ్సిగూడలో ఏ బార్‌లో ఏ వేళకు ఒకటి కొంటే ఒకటి ఉచితం, మల్లాపూర్‌లో ఏ బండి దగ్గర మిర్చీలు బాగుంటాయి, రామంతాపూర్‌లో హరికథ ఎక్కడ, అన్నీ చెప్పేవాడు. చుక్క ముట్టని మనిషి. అయినా హ్యాపీ అవర్స్ గురించి అతను రాస్తే చదివినవాళ్ళకు నోట్లో నీళ్ళూరేవి.

ఆ మధ్య ఒక కవి సమ్మేళనం 'కవుల చమత్కారాలతో దద్దరిల్లింది' అని రాసి పంపాడు. హాలు తాళం దొరక్క అది జరగనే లేదు. మా ఎడిషన్ ఇన్‌ఛార్జి సుందరరామయ్యగారు, అంటే మా అందరి పై అధికారి, నర్సింగ్‌ను పిలిపించి, మరోసారి ఇలా జరిగితే కార్డు తెచ్చి తన టేబుల్ మీద పెట్టి వెళ్ళమన్నారు. ఆయన అన్నారంటే అన్నట్టే. నర్సింగ్‌కు అప్పుడే పెళ్ళి కుదిరింది. పిల్లనిచ్చేవాళ్ళు జిరాక్స్ షాపు చూసి ఇవ్వలేదు, కార్డు చూసి ఇచ్చారు. మామగారు కీసరలో కనపడిన ప్రతివాడికీ "మా అల్లుడు రిపోర్టరు" అని చెప్పుకుంటున్నాడు.

అలాంటి రోజుల్లో నాచారం పారిశ్రామికవాడ పక్కన భోజన హోటల్ నడిపే యాదమ్మ కూడా హ్యాపీ అవర్స్ పెట్టింది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఒక సర్వపిండికి ఇంకో సర్వపిండి ఉచితం, పైన చాయ్. నేను కృష్ణా జిల్లా వాణ్ణి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే ఆ రొట్టె రుచి నాకు తెలిసింది ఆమె దగ్గరే. బోర్డు చూసి వచ్చి మందేదని అడిగిన ఫ్యాక్టరీ మనుషులకు ఆమె ఒకటే జవాబు చెప్పేది. "హ్యాపీ గావాలంటే మందే తాగాల్నా బిడ్డా? ఉడుకుడుకు సర్వపిండి తిని సూడు, ఆయింత నువ్వే జెప్తవు." ప్రారంభోత్సవానికి హోటల్ ముందు ఖాళీ జాగాలో షామియానా వేయించి, ఘట్‌కేసర్ అవతలి నుంచి ఒగ్గుకథలకు వాయించే ఒగ్గుడోలు బృందాన్ని పిలిపించింది.

నర్సింగ్ మధ్యాహ్నమే వార్త పంపాడు. విశ్రాంత ప్రధానోపాధ్యాయులు రాజయ్యగారు జ్యోతి వెలిగించి, పరదేశపు తిండి మోజులో మన వంటలు మరవరాదని ఉద్బోధించారు. డోలు వాద్యం మిన్నంటుతుండగా కురిసిన చిరుజల్లు కళాకారులను ఆశీర్వదించినట్లయింది. మనిషి మీద మనిషి ఎక్కి నిలబడిన విన్యాసానికి ప్రేక్షకులు వన్స్‌మోర్ అన్నారు. చివరికి ఆబాలగోపాలం చిందులేసింది. చిరుజల్లు దగ్గర నా కలం ఒక్క క్షణం ఆగింది. వాక్యం బాగుందిలే అని వదిలేశాను. పేజీ కూడా వదిలేశాను.

పేజీ వెళ్ళిన కాసేపటికి నర్సింగ్ ఫోన్ చేశాడు.

"సార్, పేజీ పోయిందా?"

పోయిందన్నాను.

"గట్లయితే నేను గూడ పోయినట్టే సార్."

ఒగ్గు బృందం వ్యాను అన్నోజిగూడ దగ్గర చెడిపోయింది. యాదమ్మ కార్యక్రమాన్ని వచ్చే ఆదివారానికి మార్చేసి షామియానా విప్పిస్తోంది. ప్లేట్లు ఆపాలంటే సుందరరామయ్యగారి అనుమతి కావాలి. అనుమతి అడిగితే కారణం చెప్పాలి. కారణం చెబితే నర్సింగ్ కార్డు టేబుల్ మీదికి, పెళ్ళి గంగలోకి. వార్తను సభకు తగ్గట్టు మార్చే దారి లేదు. మిగిలింది ఒక్కటే. స్కూటర్ తీశాను.

నేను వెళ్ళేసరికి షామియానా సగం దిగింది. యాదమ్మకు వార్త చదివి వినిపించాను. ఆమె నడుం మీద చెయ్యి వేసుకొని విని, పకపకా నవ్వింది.

"గింత మంచిగ జరిగిందా సారూ నా ఫంక్షన్? గట్లయితే జేద్దాం. పేపర్ల పడ్డంక జెయ్యకపోతె మంచిగుంటదా?"

షామియానా మళ్ళీ లేచింది. షిఫ్టు వదలడంతో ఫ్యాక్టరీ మనుషులు తిండికి వస్తున్నారు. అందులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మల్లేశ్ ఉన్నాడు. సిద్దిపేట వైపు వాడు. తాత నాటి నుంచి ఇంట్లో ఒగ్గుడోలు ఉంది. వాడు తన జట్టులో నలుగురైదుగురిని లాగాడు. పెళ్ళిళ్ళకు బ్యాండు కట్టే దుకాణం నుంచి డోళ్ళు వచ్చాయి. విషయం ఆనోటా ఈనోటా పాకి, తినడానికి వచ్చినవాళ్ళంతా ప్రేక్షకులుగా కూర్చున్నారు. ఎక్కడ ఏమనాలో నర్సింగ్ అందరికీ చెప్పాడు. మనిషి మీద మనిషి ఎక్కే విన్యాసం కాగానే వన్స్‌మోర్ అనాలని మరీ మరీ చెప్పాడు.

రాజయ్యగారిని తేవడానికి నేనే వెళ్ళాను. కార్యక్రమం లేదని తెలిసి ఆయన లుంగీలోకి మారి, మనవడు తెప్పించిన పిజ్జా తింటున్నారు. తాను ఏం ఉద్బోధించారో చదివి మండిపడ్డారు.

"గిదేంది? నేను మాట్లాడకముందుకే నా మాటలు రాసిన్రా? నేను సర్కారు బడుల గురించి మాట్లాడుదామనుకున్న."

సర్కారు బడుల గురించి వచ్చే ఆదివారం మాట్లాడవచ్చనీ, ఇవాళ్టికి తిండి మోజు మీదే దయచేయమనీ బతిమాలాను. పిల్లవాడి పెళ్ళి మాట చెప్పాక మెత్తబడ్డారు. పిజ్జా ముక్క పూర్తి చేసి, మూతి తుడుచుకొని, పంచె కట్టుకొని బయల్దేరారు.

ఇక మిగిలింది చిరుజల్లు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. రాసినవాడే కురిపించాలని నేను నర్సింగ్‌ను హోటల్ డాబా మీదికి ఎక్కించాను. ట్యాంకు పైపుకు బొటనవేలు అడ్డం పెట్టి, నేను జేబురుమాలు ఊపగానే సన్నగా చల్లాలి. మోటారు వేస్తే పైపులోకి నీళ్ళు ఉరికి వస్తాయి కాబట్టి, అది మాత్రం వేయవద్దని కింద అందరికీ చెప్పాను. అందరికీ అనుకున్నాను.

దీపం వెలిగింది. రాజయ్యగారు అచ్చులో ఉన్నంతా అప్పజెప్పారు. డోళ్ళు మొదలయ్యాయి. మల్లేశ్ జట్టు ఎంత గొప్పగా వాయించిందంటే, నేను కాసేపు ఇది మేం చేయిస్తున్న సభ అన్న సంగతి మరిచిపోయాను. రోడ్డు మీద పోయే ఆటోలు ఆగాయి. గుర్తొచ్చి రుమాలు ఊపాను. సరిగ్గా అదే సమయానికి, మా మాట చెవిన పడని ఒకాయన, హోటల్ పై వాటాలో అద్దెకున్నవాడు, ట్యాంకు నింపుకుందామని మోటారు వేశాడు.

పడింది చిరుజల్లు కాదు. కుండపోత. డోళ్ళ వాళ్ళు తడిశారు, దీపం ఆరింది, షామియానా అంచున అప్పుడే స్కూటర్ దిగి నిలబడిన తెల్లచొక్కా పెద్దమనిషి నిలువునా తడిశాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నప్పుడు గుర్తుపట్టాను. సుందరరామయ్యగారు.

గబగబా ఎదురెళ్ళాను. నమస్కారం పెట్టబోయిన చేతిలో రుమాలు ఇంకా ఊగుతూనే ఉంది. పైన నర్సింగ్ దాన్ని చూసి మరికాస్త చల్లాడు.

ఆయన నేరుగా లోపలికి వచ్చారు. ముందు వరుసలో కుర్చీ లాక్కొని కూర్చున్నారు. జేబులోంచి మడిచిన కాగితం తీశారు. మా పేజీ ప్రూఫు. ఆయన పాతకాలం మనిషి, పేజీలు ఫోన్‌లో చూడరు, ప్రింటు తీయించుకొని ఇంటికి తీసుకెళతారు. తడిసిన కాగితాన్ని తొడ మీద పరిచి, వార్తలో జల్లు వాక్యం మీద వేలు పెట్టారు. పక్కన నిలబడిన నాతో మెల్లగా అన్నారు.

"చిరుజల్లు అని రాశారు. ఇది భారీ వర్షం కదయ్యా."

ఎవరో పెద్దసారు వచ్చాడని అప్పటికే జనానికి అర్థమైపోయింది. అందరూ బిగుసుకుపోయారు. మల్లేశ్ మాత్రం ఆగలేదు. నీళ్ళు కారుతున్న మనుషుల భుజాల మీద మనుషులు ఎక్కారు, అందరి పైన మల్లేశ్ నిలబడి డోలు వాయించి, చెక్కుచెదరకుండా దిగాడు. అద్భుతం. కానీ ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వన్స్‌మోర్ అనవలసినవాళ్ళంతా కాగితం మీది ఆ వేలినే చూస్తున్నారు. నర్సింగ్ డాబా గోడ మీదుగా తల పెట్టి చూసి, తల వెనక్కి తీసుకున్నాడు. వాడి కార్డు పోయినట్టే అనుకున్నాను.

వేలు ఒక వాక్యం కిందికి జరిగింది. సుందరరామయ్యగారు చుట్టూ చూశారు. ఆయన కుర్చీలోంచి లేచి, గొంతు సవరించుకొని, నాచారం మొత్తం వినపడేలా అరిచారు.

"వన్స్‌మోర్!"

ఆ తర్వాత జరిగినదాన్ని వార్తలో రాసినదానికంటే ఎక్కువే అనాలి. మల్లేశ్ మళ్ళీ ఎక్కాడు. ఈసారి ఈలలతో షామియానా లేచిపోయింది. యాదమ్మ పిండి చేతులతోనే వచ్చి చిందులేసింది. రాజయ్యగారు పంచె ఎగదోపి వేశారు. 'ఆబాలగోపాలం' అన్న మాటకు ఎడిషన్ ఇన్‌ఛార్జి కూడా లోటు రానివ్వలేదు.

చివర్లో నర్సింగ్‌ను కిందికి పిలిపించారు. వాడు అడగకముందే మెడలోంచి కార్డు తీసి చాచాడు. అది కూడా తడిసింది. "మీకెట్ల తెలిసింది సార్?" అని మాత్రం అడిగాడు.

"ఇంటికి బయల్దేరబోతూ ప్రూఫు చదివాను. హబ్సిగూడలో రోడ్డు పొడిగా ఉంది, నాచారంలో జల్లు ఎలా పడిందా అని ఇటు తిప్పాను" అన్నారాయన. "దీపం రాశావు, ఉపన్యాసం రాశావు, ఎవడూ పట్టుకోలేడు. వాన నీకెందుకయ్యా?"

కార్డును ఒకసారి దులిపి తిరిగి ఇచ్చారు. వార్త తప్పు కాదనీ, తానే సాక్షిననీ, తడి చొక్కా రుజువనీ అన్నారు. శిక్ష నాకు వేశారు. మర్నాటి నుంచి సాయంత్రం సభల వార్తలన్నీ అవి జరిగాకే, ఒకరోజు ఆలస్యంగా వేయాలి. ఇంటి మీదికొచ్చే నిర్వాహకులకు నేనే సమాధానం చెప్పుకోవాలి. పదవీ విరమణ దాకా చెప్పుకున్నాను. ఈలోగా యాదమ్మ ఆయన ముందు పళ్ళెం పెట్టింది. ఒకటి తిన్నారు, ఉచితం కాబట్టి రెండోదీ తిన్నారు.

ఆ తర్వాతి ఆదివారం అసలు బృందం వచ్చింది. రాజయ్యగారు సర్కారు బడుల గురించి తనివితీరా మాట్లాడారు. సరిగ్గా డోళ్ళు జోరందుకున్నప్పుడు నిజంగానే చిరుజల్లు పడింది. నర్సింగ్ ఆసాంతం ఉండి, చూసి, మర్నాడు వార్త పంపాడు. అందులో ఎక్కడా వాన మాట లేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "వాన జోలికి నేను వోను సార్" అన్నాడు.

చిరుజల్లు వాక్యం నేనే చేర్చాను. జరిగింది కాబట్టి. అబద్ధపు వార్తను పట్టించేది దానికి పెట్టిన అలంకారమేనని నేను నేర్చుకున్నది ఆ వారంలోనే. నిజంగా పడిన వానను రాయడానికి మాత్రం నర్సింగ్‌కు పెళ్ళయ్యేదాకా ధైర్యం రాలేదు.