చుక్కాయన

ఎదురైన మనిషిని "బాగున్నారా" అని అడగడం ఆ మలేరియా ల్యాబు పెద్దాయనకు చేతకాదు. "ఏదీ వేలు, ఒక్క చుక్క" అంటాడు. పొద్దున్నే సూదీ గాజు స్లైడ్లూ పట్టుకుని గుమ్మంలో కాపు కాస్తాడు. గుమాస్తానీ, టీ తెచ్చే అతన్నీ కూడా వదలడు.

"నా నెత్తురంతా ఫైళ్లే తాగేశాయి సార్" అని గుమాస్తా మొత్తుకునేవాడు.

"ఫైళ్లు వదిలిందే ఇవ్వండి."

చాటుగా అందరూ ఆయన్ని చుక్కాయన అనేవాళ్లు.

కొత్తగా చేరిన పరిశోధకురాలికి మొదట్లో ఇదంతా నవ్వులాటే. మలేరియా క్రిమి ఎర్రకణాన్ని బద్దలుకొట్టుకుని ఎలా బయటికొస్తుందో కనిపెట్టడం ఆమె పని. ఆ దారి మూసేసే మందు దొరికితే క్రిమి లోపలే చస్తుంది. అందుకని పాత మందులకు లొంగని మొండిరకాన్ని సీసాల్లో, మనిషి నెత్తుట్లో పెంచుతున్నారు.

ఒక మధ్యాహ్నం ఆ నెత్తురు పూసిన స్లైడు ఆమె చేతిలో విరిగింది. గ్లౌజు చిరిగి వేలు తెగింది. చెబితే ఉద్యోగానికి గండం, చెప్పకపోతే ప్రాణానికి. గ్లౌజు చెత్తడబ్బాలో కుక్కి నోరు కుట్టేసుకుంది.

అప్పట్నించీ చుక్కాయన కనబడితే ఆమెకు వణుకు. గంటకోసారి నుదురు తడుముకునేది. ఎండకు ఒళ్లు వేడెక్కినా జ్వరమనే అనుకునేది. ఆయన ఆమె చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి ఎంతకీ తల ఎత్తడు. ఒకరోజు కనుబొమలు ముడిచాడు.

"ఏమైంది సార్?"

"కళ్లద్దాలు తుడవలేదు."

పదిహేనో రోజున ఆయన సొరుగులోంచి కొత్త మాత్రల డబ్బా తీశాడు. దానిమీద ఆమె పేరుంది.

"నీకు జ్వరమొస్తే వేద్దామని తెప్పించి పెట్టాను. ఇక మందుల షాపులో వెనక్కిచ్చెయ్యమ్మా. క్రిమి బయటపడే గడువు దాటింది, నీకేం లేదు."

ఆమె కుర్చీలో కూలబడింది. "మీకు తెలుసా సార్?"

"చిరిగి నెత్తురంటిన గ్లౌజు నీ బల్ల పక్క చెత్తడబ్బాలో చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే సెలవుపెట్టి మాయమయ్యేదానివి. ఆ క్రిమి దాక్కుంటోందనే ఇన్నేళ్లుగా చస్తున్నాం. మనుషులు కూడా దాక్కుంటే నేనేం వేగను?"

"మరి గుమాస్తాగారి నెత్తురెందుకు సార్? ఆయన సీసాల గదిలోకే రారుగా."

"అందరి దగ్గరా తీసుకుంటేనే, భయపడ్డది ఎవరో పక్కవాళ్లకు తెలీదు."

ఆమెకు కళ్లు చెమర్చాయి. ల్యాబులో జరిగే ప్రమాదాలు రాసే పుస్తకం తెచ్చుకుని, చెయ్యి వణుకుతుండగానే, జరిగింది జరిగినట్టు రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన సంతకం చేస్తూ మొహం చిట్లించాడు.

"ఏం చేతిరాతమ్మా ఇది. చదివితే నాకే జ్వరం వచ్చేలా ఉంది."