ప్రార్థన హాలు బయట బూట్లు

పంతులమ్మ కొత్త బడిలో చేరిన మొదటి రోజే బూట్లు పోగొట్టుకుంది.

దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. అది చర్చివాళ్ళ బడి. పొద్దున గంట కొట్టగానే పిల్లలూ టీచర్లూ వరసకట్టి ప్రార్థన హాల్లోకి వెళ్తారు. ఆమె కూడా తన మూడో తరగతి పిల్లల వెనకాలే నడిచి, గుమ్మం దగ్గర ఆగి, వంగి లేసులు విప్పి, బూట్లూ మేజోళ్ళూ గోడవారగా పెట్టి, చున్నీ తలమీదికి లాక్కుని లోపలికి వెళ్ళింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెకి ప్రార్థనంటే అదే. గుమ్మం బయట చెప్పుల కుప్ప, లోపల చాపలు, ఆడవాళ్ళ తలల మీద కొంగులు. మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో చూడాలని కూడా తోచలేదు. బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకోబోతుంటే చూపు కిందికి పోయింది. ముందు వరస నిండా బూట్లే. నల్లవి, గోధుమరంగువి, ఎవరివో మట్టి కొట్టుకుపోయినవి. ఆ హాలు మొత్తంలో ఒట్టికాళ్ళు ఆమెవి మాత్రమే. వేళ్ళు ముడుచుకుని బెంచీ కిందికి లాక్కుంది.

ప్రార్థన అయి బయటికొస్తే బూట్లు లేవు. బడి తలుపులు తీసి వేసే పెద్దాయన, నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేసుకుని తిరుగుతాడని ఆమె మనసులో తాళాలాయన అని పేరు పెట్టుకున్న మనిషి, దిక్కులేకుండా పడున్న ఆ చిన్న బూట్లు ఎవరో పిల్లవి అనుకుని పట్టుకుపోయి, పోయిన వస్తువుల పెట్టెలో పడేశాడు. వరండా చివర ఆ పెట్టె దాకా ఆమె ఒట్టికాళ్ళతోనే నడవాల్సి వచ్చింది. దారిలో హెడ్మిస్ట్రెస్ ఎదురైంది. ఆవిడ చూపు తల మీది చున్నీ దగ్గర మొదలై పాదాల దగ్గర ఆగిపోయింది.

"ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది హెడ్మిస్ట్రెస్, నిజంగానే కంగారుపడి.

బాగానే ఉందని చెప్పి, గొడుగుల కింద నుంచీ నీళ్ళ సీసాల కింద నుంచీ బూట్లు వెతికి తీసుకుని, అక్కడే నేలమీద చతికిలబడి తొడుక్కుంది పంతులమ్మ.

సాయంత్రం ఈ సంగతి విని మొగుడు నవ్వాడు గానీ వదిన నవ్వలేదు. వదినంటే ఆయనకి అక్క. పదేళ్ళ కిందటే ఈ దేశం వచ్చి నర్సుగా స్థిరపడింది. తమ్ముడినీ మరదలినీ తన ఇంటి వెనక గదిలో పెట్టుకుంది. మాటకి ముందు, మాటకి తర్వాత "ఇక్కడ అలా కాదు" అనడం వదినకి అలవాటు. ఇప్పుడూ అదే అంది. వచ్చిన మొదటి టర్మంతా పరీక్షే, టర్ము చివర హెడ్మిస్ట్రెస్సూ చర్చి కమిటీ కలిసి ఉంచాలో పంపాలో తేలుస్తారు, ఈ దేశంలో ఉండే అనుమతి ఆ ఉద్యోగం మీదే వేలాడుతోంది, నీ కొంగు పట్టుకునే తమ్ముడు కూడా వచ్చాడు, గుర్తుందా అని అడిగింది.

"దేవుడు నీ మనసు చూస్తాడమ్మాయ్, బూట్లు చూడడు."

"మరి హెడ్మిస్ట్రెస్ బూట్లు చూస్తోందిగా అక్కా" అని మొగుడు మధ్యలో దూరి, అక్క కోరచూపు చూసేసరికి కంచంలోకి తల దించేశాడు.

వదిన మాట తీసిపారేసేది కాదు. మర్నాడూ ఆ మర్నాడూ పంతులమ్మ బూట్లతోనే హాల్లోకి వెళ్ళింది. అందరితోపాటు పాడింది, అందరితోపాటు ఆమెన్ అంది. కానీ ప్రార్థన మాత్రం రాలేదు. కళ్ళు మూసుకుంటే పాదాలే గుర్తొచ్చాయి. ఎవరింట్లోకో చెప్పకుండా జొరబడినట్టు ఒళ్ళంతా బిగుసుకుపోయింది. రెండో రోజు బయటికొచ్చాక తనకి సిగ్గేసింది. ఎందుకంటే తను బూట్లు వేసుకున్నది పద్ధతి నచ్చి కాదు, భయపడి.

ఆ మరుసటి రోజు గుమ్మం దగ్గర ఆగి లేసులు విప్పింది. మొదటి రోజు ఆ పని చేతులు చేశాయి. ఈసారి తను చేసింది.

వారం తిరక్కుండానే హెడ్మిస్ట్రెస్ గదిలోకి పిలుపొచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కుర్చీ చూపించింది, పాఠాలు బాగున్నాయంది, లెక్కలంటే పారిపోయే పిల్లలు కూడా చేతులెత్తుతున్నారని మెచ్చుకుంది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది. బడిలో ఉన్నంతసేపూ కాళ్ళకి బూట్లుండాలన్నది నియమమట. గాజుముక్క గుచ్చుకుంటే ఎవరు జవాబుదారీ? నిప్పంటుకుని అందరూ పరిగెత్తాల్సి వస్తే?

"గుచ్చుకుంటే నేనే తీసుకుంటానండి. పరిగెత్తాల్సి వస్తే, బూట్లతో కంటే ఒట్టికాళ్ళతోనే నేను బాగా పరిగెత్తుతాను."

హెడ్మిస్ట్రెస్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. "చూడండి, ఇక్కడెవరూ విప్పరు. మీరొక్కరే విప్పి కూర్చుంటే, మేమంతా భక్తి లేనివాళ్ళం అన్నట్టుంటుంది."

అదీ సంగతి అనుకుంది పంతులమ్మ. గాజుముక్కా కాదు, నిప్పూ కాదు. మీ భక్తి కొలిచే పని నాది కాదండి, నావి రెండు కాళ్ళు, వాటి సంగతే నేను చూసుకుంటున్నాను అని చెప్పి లేచింది. తిన్నగా క్లాసుకి వెళ్ళింది.

ఆమె మంకుపట్టు వెనక ఒక మనిషి ఉంది. అమ్మమ్మ. అమ్మమ్మ చిన్నతనంలో వాళ్ళ పేటవాళ్ళు పెద్దిళ్ళ వీధిలోంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. నేల పెనంలా కాలుతున్నా సరే. ఎవరూ చూడ్డం లేదుకదా అని ఒకసారి తొడుక్కుని నడిచినందుకు ముత్తాతని అరుగు ముందు నిలబెట్టి నానా మాటలూ అన్నారట. ఆ తర్వాత పేటలో తాటాకుల పాక ఒకటి లేచింది, అందులో ప్రార్థనలు మొదలయ్యాయి. అమ్మమ్మ ఆ పాక ముందు ఆగి చెప్పులు విప్పింది. విప్పమని ఎవరూ అనలేదు. వయసు మీదపడి కాళ్ళు పగిలాక, పాస్టరుగారు జాలిపడి చెప్పులతోనే లోపలికి రా అమ్మా అంటే, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అక్కడ విప్పించారయ్యా. ఇక్కడ నేను విప్పుకుంటున్నా. ఈ ఒక్కటీ నాకుండనీ."

మనవరాలు అప్పుడు పక్కనే ఉంది. అంచేత విప్పడం గ్రంథంలో ఉందా లేదా అన్న వాదనలోకి ఆమె ఎప్పుడూ దిగలేదు. విప్పు అన్నా తొడుగు అన్నా, ఆ మాట ఇంకొకరి నోట్లోంచి వస్తే ఆమెకి ఒకేలా వినపడుతుంది.

కొన్నాళ్ళకి ఇంకో చిక్కొచ్చింది. ముందు బెంచీలో కూర్చునే పిలకపిల్ల ఒక పొద్దున గుమ్మం దగ్గర తనూ కూలబడి లేసులు లాగడం మొదలెట్టింది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు. పంతులమ్మ వెంటనే వంగి ఆ పిల్ల లేసులు తిరిగి కట్టేసింది.

"బూట్లేసుకుంటే దేవుడికి కోపమొస్తుందా టీచర్?"

"రాదు. మీ అమ్మ వేసి పంపింది కదా, వేసుకో. ఇది నా ఇష్టం."

"నాకూ ఇష్టమే టీచర్."

"నా అంత అయ్యాక కూడా ఇష్టమైతే అప్పుడు విప్పు. ఇప్పుడు గంట కొట్టేశారు, పద."

ఆ పూట డ్రాయింగ్ టీచరు, ఉన్నవాళ్ళలో కాస్త చనువుగా మాట్లాడే మనిషి, టీ తాగుతూ నవ్వింది. పిల్లలు కూడా విప్పి ఉంటే నీకే బలం కదా, నీ పక్షాన ఒక సైన్యం తయారయ్యేదిగా అంది. పంతులమ్మకి ఆ మాట నచ్చలేదు. చిన్నపిల్లల కాళ్ళ వెనక దాక్కోవడం అమ్మమ్మకి తెలిస్తే ఊరుకునేది కాదు.

టర్ము చివరి వారం వచ్చింది. కమిటీవాళ్ళు వచ్చే రోజున ప్రార్థన నడపాల్సిన వంతు మూడో తరగతిదని బోర్డు మీద రాశారు. అంటే పంతులమ్మ వేదిక మీద నిలబడాలి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఆమె పాదాలే ఉంటాయి. ముందురోజు హెడ్మిస్ట్రెస్ క్లాసు గుమ్మం దాకా వచ్చి, "రేపొక్క రోజు" అని మాత్రం అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆ సాయంత్రం మొగుడు పాత గుడ్డ తీసుకుని ఆమె బూట్లు అద్దంలా మెరిసేదాకా తుడిచాడు. వదిన తన పెట్టెలోంచి కొత్త మేజోళ్ళ జత తీసి వాటి పక్కన పెట్టింది.

"ఇంత మెరుగు దేనికండీ, లోపలికి రానివాటికి" అంది పంతులమ్మ.

"బయటే ఉంటాయిగా. కమిటీవాళ్ళు ముందు చూసేది వాటినే" అన్నాడాయన తలెత్తకుండా. వదిన మేజోళ్ళు చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

మర్నాడు గుమ్మం దగ్గర పంతులమ్మ బూట్లు విప్పింది. మేజోళ్ళు వాటిలో పెట్టింది. చున్నీ సర్దుకుని వేదిక ఎక్కింది. చెక్క చల్లగా తగిలింది. ముందు వరసలో చేతికర్ర పట్టుకున్న కమిటీ పెద్దాయన ఆమె పాదాల వైపు చూశాడు, పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఆమె కూడా తన పాదాల వైపు ఒకసారి చూసుకుంది. మడమలు అమ్మమ్మవే. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. గొంతు మొదటి మాట దగ్గర తడబడింది, తర్వాత తడబడలేదు.

ఆఫీసు గదిలో కమిటీ పెద్దాయన సూటిగా అడిగాడు, ఒక చిన్న నియమం పాటించడానికి ఏమిటమ్మా కష్టం అని.

"వరండాలో వేసుకుంటున్నానండి, క్లాసులో వేసుకుంటున్నానండి, మైదానంలో వేసుకుంటున్నానండి. ఆ ఒక్క గుమ్మం దగ్గర మాత్రం మా అమ్మమ్మ తనకి తాను విప్పింది. అంతకుముందు ఆమెతో ఊళ్ళోవాళ్ళు విప్పించేవాళ్ళు. అది మీకు చిన్న సంగతి కావచ్చు. దాన్ని వదిలేసి నేను ఉద్యోగం చెయ్యలేను."

పెద్దాయన చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆమెని బయట కూర్చోమన్నారు. తలుపు వెనకాల గొంతులు లేచాయి, తగ్గాయి, మళ్ళీ లేచాయి. చివరికి హెడ్మిస్ట్రెస్ బయటికొచ్చింది. ముఖంలో ఓడిన గుర్తు గానీ గెలిచిన గుర్తు గానీ లేదు.

"ఇంకో టర్ము చూద్దామన్నారు."

"చూడండి" అంది పంతులమ్మ. "కానీ నేను మారతానేమోనని చూడకండి. పాఠం ఎలా చెప్తున్నానో చూడండి."

హెడ్మిస్ట్రెస్ పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో విసుగో పంతులమ్మ తేల్చుకోలేకపోయింది.

కొత్త టర్ము మొదటి రోజు ఆమె చంకలో చిన్న గోనెపట్టా చుట్ట పెట్టుకుని బడికొచ్చింది. ప్రార్థన హాలు గుమ్మం పక్కన, దాటేవాళ్ళందరికీ కనపడేలా పరిచింది. దాని మీద బూట్లు, మడమలు గోడకి ఆనించి, పక్కపక్కన పెట్టింది. తాళాలాయన కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నాడు.

"ఇవి పోయిన వస్తువులు కావండి" అని చెప్పింది.

"తెలుసు" అన్నాడు తాళాలాయన. వచ్చి, బూటు కొనతో పట్టా అంచు సరిచేసి, తాళాల గుత్తి మోగించుకుంటూ వెళ్ళిపోయాడు. పంతులమ్మ తలమీదికి చున్నీ లాక్కుని లోపలికి నడిచింది.