రెండో ఫోను

నిజామాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అత్తమ్మకు పదేళ్లుగా అంతుపట్టలేదు. అత్తమ్మ అంటే మా నాన్న అక్క. "లాప్‌టాప్ ముంగట కూసుంటది, అప్పుడప్పుడు దాన్ని తిడతది" అని చుట్టాలకు చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. కంప్యూటర్లు తమంతట తాము చేసుకోవలసిన పనులకు వేళలు పెట్టడం నా పని. ఫలానా వేళకు లే, ఫలానా జాబితా చదువు, పని ముగించి పడుకో అని రాసిపెడితే ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న యంత్రం ఆ వేళకు లేచి చేసిపెడుతుంది. చేయకపోతే తిట్టడానికి నేనున్నాను.

వేల్పూర్‌లో ఉండే అత్తమ్మ పని మాత్రం ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆమెకు పసుపు ఉడికించే బాయిలర్ ఉంది. తవ్విన పసుపు కొమ్మును ఆవిరి డ్రమ్ముల్లో ఉడికించాకే కల్లంలో ఎండబెడతారు. సీజన్‌లో ఆ బాయిలర్‌ను ట్రాక్టర్‌కు తగిలించి ఒక రైతు కల్లం నుంచి ఇంకో రైతు కల్లానికి తిప్పుతారు. దాన్ని నడిపే భాయ్ బోధన్ మనిషి, అంతకుముందు చెరుకు గానుగల మీద పనిచేశాడు. నిప్పు, నీళ్లు, ఆవిరి భాయ్‌వి. మాట అత్తమ్మది. ఎవరి తర్వాత ఎవరి వంతో నోట్‌బుక్‌లో రాసుకుని, పొద్దున్నే రైతులకు ఫోన్లు చేసేది. ఆ వరుసను ఎవరి కోసమూ మార్చదు. ఒకసారి సొంత మరిదినే మూడు రోజులు ఆగమంది. ఆ సంగతి మావాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుంటారు.

పోయినేడు సీజన్ మొదలయ్యే ముందు ఆమె గొంతు బొంగురుపోయింది. ఏళ్ల తరబడి బాయిలర్ చప్పుడును మించి అరిచిన గొంతు మరి. నిజామాబాద్‌లో డాక్టర్ చిన్న ఆపరేషన్ చేసి, నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దట. మాట్లాడితే గొంతు మళ్లీ రాకపోవచ్చని నాకు విడిగా చెప్పాడు. ఆమెకూ విడిగా చెప్పాడని తర్వాత తెలిసింది. భయపడుతుందని ఒకరికొకరం చెప్పుకోలేదు.

అత్తమ్మ ఒక పలక కొనుక్కుంది. దాని మీద నాకు రాసి చూపించిన మొదటి మాట: "ఫోన్లు ఎవరు జేస్తరు?"

భాయ్ చేయొచ్చు కదా అంటారా? ఆ వేళకు ఆయన బాయిలర్‌కు నిప్పు పెట్టే పనిలో ఉంటాడు. నేను చేయొచ్చు కదా అంటారా? ఐదున్నరకు నేను లేవను. నేను లేవకుండా పనులు జరిగేలా చూడటమే నా వృత్తి. కాబట్టి గొప్పగా చెప్పాను, రోజూ ఐదున్నరకు క్లౌడే ఫోన్లు చేస్తుందని. నా గొంతుతో ఒక మాట రికార్డు చేస్తాను, నోట్‌బుక్‌లోని పేర్లను రోజూ సాయంత్రం జాబితాలో ఎక్కిస్తాను, అంతే.

"అంటే మన ఇంట్ల ఒక కంప్యూటర్ ఎప్పటికీ నడుస్తనే ఉండాల్నా?" అన్నాడు భాయ్.

అక్కర్లేదన్నాను. దీన్ని సర్వర్‌లెస్ అంటారు. సర్వర్ లేదని కాదు, అది మనది కాదు. మన పని ఉన్నప్పుడే లేస్తుంది, అయిపోగానే వెళ్లిపోతుంది.

"గదే చెప్పు. కిరాయి ట్రాక్టర్ లెక్క." కంపెనీలో కొత్తవాళ్లకు నేను అరగంట చెప్పే పాఠాన్ని ఆయన మూడు మాటల్లో ముగించాడు. ఇప్పుడు నేనూ అట్లాగే చెబుతున్నాను.

ముందు నా ఫోనుకూ భాయ్ ఫోనుకూ పరీక్ష పెట్టాను. పొద్దున ఐదున్నరకు మోగవలసిన ఫోను పదకొండుకు మోగింది. క్లౌడ్ గడియారం మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. నా వృత్తిలో ఇది మొదటి రోజు నేర్పే సంగతి. కంపెనీలో ఎవరైనా ఈ తప్పు చేస్తే నేను వాళ్ల పరువు తీస్తాను. ఇంట్లో చేశాను కాబట్టి చప్పుడు చేయకుండా దిద్దుకున్నాను.

తర్వాత రెండు వారాలు పని చక్కగా నడిచింది. "బాయిలర్ అక్క తరఫున ఫోను. మీ వంతొచ్చింది" అని నా గొంతు రోజుకు నలుగురు రైతులకు చెప్పేది. ఒక ముసలి రైతు మాత్రం, ఆ పిల్లకు మర్యాద తెలియదు, నేను మాట్లాడుతుంటేనే పెట్టేస్తది అని ఊరంతా చెప్పాడట. అత్తమ్మ అది పలక మీద రాసి చూపించి, చప్పుడు లేకుండా కడుపు పట్టుకుని నవ్వింది. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం పదిహేనో రోజు దిగిపోయింది.

ముందు రోజు సాయంత్రం మబ్బు పట్టింది. వాన వస్తే తవ్విన పసుపు పాడవుతుందని రైతులంతా తొందరపడ్డారు. అత్తమ్మ జాబితాలో నలుగురికి బదులు తొమ్మిది మంది పేర్లు పంపింది. నేను ఎక్కించి హాయిగా పడుకున్నాను. పొద్దున ఏడింటికి భాయ్ ఫోను.

"బిడ్డా, ఏం జేసినవ్? ఐదుగురు రైతులు కూలీలను పిలుచుకొని, ట్యాంకుల నీళ్లు నింపుకొని కూసున్నరు. అందరు ఇప్పుడే రావాల్నంటుండ్రు. ఇంక నలుగురేమో మాకు ఫోనే రాలేదని పంచాయితీ పెట్టిండ్రు. జల్ది రా."

స్కూటర్ తీసుకునే ముందు లాప్‌టాప్ తెరిచి చూశాను. రెండు నిమిషాల్లో అర్థమైంది. ఆ పనికి నేను పెట్టిన గడువు ఐదు నిమిషాలు. నలుగురికి అది ఎక్కువ. తొమ్మిది మందికి చాలలేదు. ఐదుగురికి ఫోన్లు వెళ్లేసరికి గడువు ముగిసి పని ఆగిపోయింది. ఆగిపోతే ఇంకోసారి ప్రయత్నించమని నేనే రాసిపెట్టాను. క్లౌడ్ బుద్ధిగా మళ్లీ మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది. ఆ ఐదుగురికే రెండోసారి ఫోన్లు చేసి, మళ్లీ అక్కడే ఆగిపోయింది. మిగతా నలుగురూ ఎవరికీ పట్టలేదు.

రెండుసార్లు ఫోనొస్తే మాత్రం కొంపలేం మునిగాయని దారంతా గొణుక్కున్నాను. నాకు కోపం త్వరగా వస్తుంది, తప్పు నాదైనప్పుడు ఇంకా త్వరగా వస్తుంది.

ఏం మునిగిందో కల్లం దగ్గర భాయ్ చెప్పాడు. అత్తమ్మ పద్ధతిలో ప్రతి రైతుకూ రెండు ఫోన్లు. మొదటి ఫోనొస్తే ఇవాళ నీ వంతు, కట్టెలు చూసుకో అని. రెండో ఫోనొస్తే బాయిలర్ బయల్దేరింది, కూలీలను పిలువు, ట్యాంకు నింపు అని. రెండిట్లోనూ "మీ వంతొచ్చింది" అనే అంటుంది. ఫోనులో ఏమన్నారో ఎవరూ వినరు, ఎన్నోసారి మోగిందో చూసుకుంటారు. ఇప్పుడు ఆ రెండో ఫోనును బాయిలర్ కదిలేటప్పుడు భాయే చేస్తున్నాడు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రైతులంతా బాయిలర్ చుట్టూ నిలబడి ఉన్నారు. నాకు మర్యాద తెలియదన్న ముసలాయన అందరికంటే ముందున్నాడు. ఆయన ఫోను రానివాళ్లలో ఒకడు. బస్తాల పక్కన పలక పట్టుకుని నిలబడ్డ అత్తమ్మను నిలదీశాడు.

"ఐదుగురికి బయలెల్లినమని చెప్పినవట. మాకు ఫోనే లేదు. ఇన్నేండ్లల్ల నువ్వు వరుస తప్పలేదు బిడ్డా. ఇప్పుడు మాదేం తప్పు?"

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. పలక మీద గబగబా ఏదో రాయబోయింది, బలపం విరిగింది. పలకను బస్తాల మీదికి విసిరేసింది. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

ఇంకో క్షణంలో ఆమె అరుస్తుంది, ఆ గొంతు ఇక రాదు, అదంతా నేను రాసిన ఒక్క వాక్యం వల్ల. అంత భయం నాకు నా పెళ్లినాడు కూడా వేయలేదు.

అప్పుడు భాయ్ ఆవిరి వాల్వు తిప్పేశాడు. బుస్సుమని కల్లమంతా ఆవిరి, చెవులు చిల్లులు పడే మోత. ఎవరి మాట ఎవరికీ వినిపించే వీలు లేదు. అత్తమ్మ నోరు మూసుకుంది. అందరూ శాంతించేదాకా ఉంచి, మెల్లగా వాల్వు కట్టేసి ఆయన అన్నాడు:

"అక్క మాట్లాడొద్దు. మాట్లాడితే గొంతు మల్ల రాదని డాక్టర్ చెప్పిండు. ఏమన్నా అనేదుంటే నన్ను అనుండ్రి."

"ఆయనను కాదు, నన్ను అనండి" అన్నాను. "తప్పు నాది. ఆ ఫోన్లు నేను పెట్టినవే."

ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఫోన్ల మాట్లాడే పిల్లవు నువ్వేనా?"

"నేనే."

"మరి నేను మాట్లాడుతుంటె గట్ల పెట్టేస్తవేంది?"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ముసలాయన ఆమె వైపు తిరిగి, "నువ్వు గొంతు కాపాడుకో బిడ్డా. నీ బుక్కు ఇయ్యి, వరుస మేం చదువుకుంటం" అన్నాడు.

ఆమె నోట్‌బుక్ ఇచ్చింది. ఆయన పైకి చదివాడు, ఒక్కరూ ఎదురు చెప్పలేదు. వెనక వంతులవాళ్లు తమ కూలీలను ముందు వంతులవాళ్ల కల్లాలకు పంపారు. నాలుగు చినుకులు పడి మబ్బు సిరికొండ వైపు వెళ్లిపోయింది. ఆ రోజు ఐదుగురిది, మర్నాడు నలుగురిది ఉడికింది.

ఆ నోట్‌బుక్‌ను నేను మొదటిసారి శ్రద్ధగా చూసింది అప్పుడే. పాత పేజీల్లో ప్రతి పేరు పక్కన రెండు పసుపు చుక్కలున్నాయి. ఎందుకని అడిగితే అత్తమ్మ కొత్త బలపంతో రాసింది: "ఒక ఫోనుకు ఒక చుక్క. నడుమల ఎవరన్న పిలిస్తె, మల్ల వచ్చి చుక్క లేని కాడ షురువు జేస్త." నేను కంపెనీలో పెద్ద పెద్ద మాటలతో బోధించే సంగతి అదే. పని నడుమ ఆగినా, మళ్లీ మొదలైనా, చేసినదాన్నే తిరిగి చేయకూడదు. బోధించిన నేను రాయలేదు. ఆమె వేలు పసుపులో ముంచి ఏళ్లుగా రాస్తోంది. నాకు సిగ్గేసింది, చెప్పలేనంత ముద్దుగా కూడా అనిపించింది.

ఆ సాయంత్రమే జాబితాలో ఒక గడి కలిపి దానికి చుక్క అని పేరు పెట్టాను. ఫోను చేసే ముందు క్లౌడ్ చుక్క చూస్తుంది, చేశాక చుక్క పెడుతుంది, ఆగిపోయి మళ్లీ లేస్తే చుక్క లేని పేరు దగ్గర మొదలుపెడుతుంది. సీజన్ సగం దాటేదాకా అది ఇంకెవరినీ రెండుసార్లు పిలవలేదు, ఎవరినీ వదలలేదు.

నెల గడిచిన మర్నాడు పొద్దున ఐదున్నరకు నా ఫోను మోగింది. మళ్లీ ఏదో తగలబడిందనుకుని తిట్టుకుంటూ ఎత్తాను.

"బిడ్డా," అంది అవతల ఒక గొంతు. సన్నగా, కొత్తగా, కొంచెం వణుకుతూ. "నీ వంతొచ్చింది."

పెట్టేసింది. నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి ఇల్లు ఊడ్చి, బియ్యం కడిగి పెట్టి, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తిరిగి ఫోను చేయలేదు. పద్ధతి ఇప్పుడు నాకు తెలుసు. ఏడున్నరకు రెండోసారి మోగింది. అదే గొంతు, వెనక భాయ్ స్టార్ట్ చేసిన జీపు చప్పుడు. ఈసారీ అదే మాట అంది. నేను పొయ్యి వెలిగించాను.