మార్లీన్ ఆపిన పెట్టె

హ్యూస్టన్ అంతరిక్ష కేంద్రంలో భద్రతా తనిఖీలు చేసే మార్లీన్ కుబిచెక్ వస్తోందంటే డిజైనర్ల మొహాలు మాడిపోయేవి. మనుషులెక్కే నౌకలోకి వెళ్లే ప్రతి ఎలక్ట్రానిక్ పెట్టెకూ ఆమె మూత తీయించేది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూసేది. వైరు తొడుగును గోటితో గీకేది. పొద్దున కొన్న కొలాచీ అనే తీపి రొట్టె సాయంత్రం దాకా ఆమె సంచిలోనే ఎండిపోయేది.

ఆ సోమవారం ఆమె ఇంకో పెట్టెను ఆపేసింది. "టేబుల్ మీద వారం నడిచింది, గోరువెచ్చగా కూడా కాలేదు" అన్నాడు మేనేజర్ డ్వైట్. "ఇక్కడ వేడిగాలి పైకి లేచిపోతుంది డ్వైట్. అక్కడ బరువే ఉండదు, వేడి ఎక్కడిదక్కడే కూర్చుంటుంది. ఫ్యాన్ ఆగిందా, ఆ వైర్లు అంటుకుంటాయి. మార్చెయ్." "ఇన్నేళ్లలో నువ్వాపిన ఒక్క పెట్టెయినా తగలబడిందా?" "ఆపాను కాబట్టే తగలబడలేదయ్యా!" ఎవరో కిసుక్కున నవ్వారు. ఎప్పుడు చెప్పినా ఇదే నవ్వు. సాయంత్రానికి డ్వైట్ ఆ పెట్టె వెళ్లొచ్చని మరో ఇంజనీరు చేత సంతకం పెట్టించేశాడు. పై అధికారి ఆమె ఫోనే ఎత్తలేదు.

మర్నాడు మార్లీన్ శిక్షణకు వాడే నమూనా నౌకలోకి దూరింది. త్వరలో ఎగరబోయే వ్యోమగామి కాల్విన్ చెయ్యి పట్టుకుని, గోడ పలక వెనకనున్న ఒక స్విచ్ మీద పెట్టింది. "కాలిన వాసనొస్తే ముందు ఇది కట్టెయ్, ఆ పెట్టెకు కరెంటు ఆగిపోతుంది. కింద భూమ్మీదున్న వాళ్లని అడుగుతూ కూర్చోకు."

"ఆ పెట్టెకు సంతకం అయిపోయిందన్నారు కదా మేడమ్?"

"అయింది. నాది కాదు."

కాల్విన్ పొగలోనైనా దొరకాలన్నట్టు కళ్లు గట్టిగా మూసుకుని, పలక వెనక ఆ స్విచ్ కోసం మళ్లీ తడమసాగాడు.